సల్వాలో అమ్మోరు పోసిన రోజు

కువైట్‌లో దిగిన మొదటి నెలలోనే, సల్వా పేటలో పనికి కుదిరిన ఇంట్లో చెడ్డపేరు తెచ్చుకున్నాను. శుక్రవారం కాళ్లకు పసుపు రాసుకోవడం తప్పు కాదు. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ రాసుకుంటున్నదే. ఆ చేతులతోనే యజమానురాలి తమ్ముడి తెల్ల దిష్‌దాషా, అదే వాళ్ల పొడుగు అంగీ, ఉతకడానికి తీయడం మాత్రం తప్పే. సబ్బు తగలగానే మరకలు ఎర్రబడ్డాయి. మామా, అంటే నా యజమానురాలు, నెత్తురనుకుని వీధి వినేలా కేక పెట్టింది. సంగతి తెలిశాక ఇంకా గట్టిగా కేక పెట్టింది. నా పసుపు డబ్బా చెత్తబుట్టలో పడింది. ఆమె అటు తిరగగానే తీసి పెట్టెలో దాచుకున్నాను. తిట్లు తింటాను గానీ పసుపు పారేసే మనిషిని కాను.

ఆ రోజు నవ్వింది తమ్ముడొక్కడే. ఇరవై ఏళ్లుంటాయేమో. పని అయిపోతే ‘ఖలాస్’ అనాలని, తొందరపెట్టాలంటే ‘యల్లా’ అనాలని నాకు నేర్పింది అతనే. నేను వండుకున్న చింతపండు పులుసు అక్కకు తెలియకుండా తిని, కారానికి కళ్ల నీళ్లు పెట్టుకుని, మళ్లీ పెట్టమనేవాడు. ఆ ఇంట్లో నాకు అన్నం సహించిందంటే వాడి వల్లే.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టు ఎండల్లో ఇరాక్ సైన్యం వచ్చి కువైట్ మీద పడింది. మామా భర్త పనిమీద వెళ్లి పరాయి దేశంలో చిక్కుకుపోయాడు. ఇంట్లో మగదిక్కు ఆ తమ్ముడే. ఒక పొద్దున ఎదురింటి డ్రైవర్, రాయచోటి సాయిబు, గోడ దగ్గరికి ఉరికొచ్చాడు.

“అక్కా, ఇండ్లిండ్లూ ఎతుకుతాండారు. వయసు పిల్లోళ్లను బండెక్కించుకపోతాండారు. పక్క ఈది అయిపాయె, ఇంక మనదే!”

తమ్ముణ్ణి మేడమీద నీళ్ల ట్యాంకు వెనక దాచాలంది మామా. అక్కడ వెతకని సిపాయి ఎవడైనా ఉంటాడా? నాకు ఒళ్లు మండింది. భయమేసినా నాకు ముందొచ్చేది కోపమే.

“దాచొద్దు మామా, చూపిద్దాం” అన్నాను వచ్చిన ముక్కల అరబ్బీలో.

పెట్టెలోంచి డబ్బా తీశాను. పసుపులో వంటసోడా వేసి నీళ్లు కలిపితే ఎర్రగా తిరిగింది. వాణ్ణి మంచం మీద పడుకోబెట్టాను. మొదటి చుక్క పెట్టబోతే చెయ్యి ఆగింది. మా ఊళ్లో అమ్మోరు పోస్తే ఇంట్లో తాలింపు కూడా వేయరు, తల్లికి కోపమొస్తుందని. అలాంటి తల్లి పేరుతో నాటకమా?

“తల్లీ, ఎగతాళి చేయలేదు. మా ఇంటి బిడ్డను కాపాడుకుంటాండా. కోపమొస్తే నా మీద చూపించు” అని దండం పెట్టుకున్నాను. ‘మా ఇల్లు’ అనే మాట నా నోటికి వచ్చింది అప్పుడే.

ముఖం మీద, మెడ మీద, చేతుల మీద పొక్కులు పెట్టాను. చక్కిలిగింతలని మెలికలు తిరుగుతుంటే “గమ్మునుండు నాయనా” అని కసిరాను. ఏసీ ఆపి రెండు రగ్గులు కప్పాం. జ్వరం పట్టినవాడిలా చెమట కారింది. ఆ రోగాన్ని ‘జిద్రీ’ అంటారని మామా చెప్పింది.

ఇద్దరు సిపాయిలు వచ్చారు. మామా నా వెనక నక్కింది. నేనే “జిద్రీ! జిద్రీ!” అని అరిచాను. చిన్నవాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. పెద్దవాడు లోపలికి అడుగేశాడు. అప్పుడే చెమటకు కణత మీది చుక్క కరిగి చెవి వైపు జారడం మొదలైంది. వాడు చూస్తే అంతా అయిపోయినట్టే. నేను మెడ బరుక్కుంటూ, చంకలు గోక్కుంటూ, సిపాయికి ఎదురుగా నడిచాను. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకా దగ్గరికి పోయాను. అంత తుపాకీ పట్టుకున్నవాడు నా గోళ్లకు భయపడి మెట్లు దిగాడు!

గేటు మూసిన చప్పుడు వినగానే మామా నన్ను వాటేసుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, నవ్వుతూనే.

తర్వాత వెనకింటావిడ తన కొడుకు కోసం వచ్చింది. వీధి వీధంతా అమ్మోరు పోస్తే నమ్మరని, వాడి దవడలకు దూది పెట్టి, పసుపు పట్టీ కట్టి గవదబిళ్లలు తెప్పించాను. ఎదురింటి డ్రైవర్ ఊరికి పోయే విమానం కోసం జోర్డాన్ బస్సెక్కుతూ “రా అక్కా, పోదాం” అన్నాడు. కాళ్లు లాగాయి. అయినా నేను పోలేదు. మళ్లీ సిపాయిలొస్తే తమ్ముడికి చుక్కలెవరు పెడతారు?

చలికాలం చివర్లో సైన్యం వెళ్లిపోయింది. తగలబడిన నూనెబావుల పొగకు పట్టపగలే మసకగా ఉంది. జనం జెండాలతో వీధుల్లోకి వచ్చారు. ఎన్నో నెలల తర్వాత తమ్ముడు గేటు దాటాడు. మామా నా చెయ్యి వదల్లేదు. వాడు గుంపు మధ్యకు పోయి, వెనక్కి తిరిగి, మా ఇద్దర్నీ చూసి చెయ్యెత్తాడు. ఆ మసకలో కూడా వాడి ముఖం నాకు స్పష్టంగా కనబడింది. ఒక్క మచ్చ లేదు.