అమ్మమ్మ రుచి చూసిన మందు

ఆసుపత్రిలో ఆమెని అందరూ లెక్కలక్క అంటారు. పందొమ్మిదేళ్ళుగా నర్సు. నాలుగేళ్ళుగా పిల్లల విభాగంలో మందుల ట్రయల్ చూస్తోంది. ఆటిజం లాంటి ఇబ్బందులున్న పిల్లల్లో ఆందోళనని ఓ కొత్త మందు తగ్గిస్తుందో లేదో తేల్చాలి. సగం మందికి మందు, సగం మందికి మందులా కనిపించే ఉత్తి పొడి. ఎవరికేది వెళ్ళిందో డాక్టరుకీ తెలియదు, ఆమెకీ తెలియదు. వెనక్కొచ్చిన సీసాల్లో క్యాప్సూళ్ళు లెక్కపెట్టడం, పెద్దవాళ్ళని ప్రశ్నలడిగి కాగితాలు నింపడం ఆమె పని. ఒక్కటి తేడా వచ్చినా ఆ పూట ముద్ద దిగదు. "మా ఇంట్లో చెంచా కావాలన్నా సంతకం పెట్టాలి" అని మొగుడు అందరికీ చెప్పుకుని వాపోతుంటాడు.

ఆ రోజు పదకొండేళ్ళ పాపని తీసుకుని అమ్మమ్మ వచ్చింది. పాప నోటితో మాట్లాడదు. ట్యాబ్ మీద బొమ్మలు నొక్కి చెబుతుంది. నెల తిరిగేసరికి సీసాలో ఏడు మిగలాలి. మూడే ఉన్నాయి. లెక్కలక్క బోర్లించి మళ్ళీ లెక్కపెట్టింది. మూడే. పాప చేత ఎక్కువ మింగించారంటే ట్రయల్ నుంచి తీసేయాలి. ట్రయల్లో ఉన్నంతకాలమే ఈ డాక్టరు దొరికేది. బయట వరసలో నిలబడితే రెండేళ్ళకి గానీ వంతు రాదు. లేనివాళ్ళ పిల్లలకి వైద్యం అందాలంటే ముందు ప్రయోగానికి పనికిరావాలి మరి.

"అమ్మా, పాపకి రోజుకి రెండు వేశారా?"

"ఛ, ఒకటే."

"మరి ఈ నాలుగూ ఏమైనట్టు?"

అమ్మమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "నేనే విప్పి నాలిక మీద వేసుకున్నా. వారానికోటి."

"మీరెందుకు వేసుకున్నారు?"

"స్నానం చేయించేముందు నీళ్ళలో చెయ్యి పెట్టి చూడవా నువ్వు? ఇదీ అంతే. చేదుగా ఉంది. అసలు మందే, నాకర్థమైపోయింది."

"ఉత్తి పొడి కూడా చేదుగానే చేస్తారమ్మా. మీలాంటివాళ్ళు ఉంటారనే."

అమ్మమ్మ మొహం చిన్నబోయింది. "ఎంత చదువుకున్నా మీ మోసపు బుద్ధులు ఇవే" అంది.

లెక్కలక్క జరిగింది జరిగినట్టు ఫైల్లో రాసి డాక్టరు ముందు పెట్టింది. ఆయన నుదురు రుద్దుకున్నాడు.

"పాప ఎక్కువ మింగలేదు, సంతోషం. కానీ ఈవిడ అసలు మందేనని నమ్మేసింది. భయం సగానికి తగ్గిందని మార్కులేసింది. ఆ మార్కులు ఏం చేసుకుంటాం? పాపని ట్రయల్ నుంచి తీసేద్దాం."

"రుచి చూసింది అమ్మమ్మ. ఇంటికి పంపేది పాపనా?"

"పాప మాట్లాడదు. భయం తగ్గిందో లేదో ఇంకెవర్ని అడగమంటావ్?"

"భయం ఎవరిదో వాళ్ళని."

అంటూనే నాలిక కరుచుకుంది. పిల్లలు స్వయంగా చెప్పడానికి ఫైల్లో నాలుగో పేజీ ఉంది. మాట్లాడని పిల్లలందరికీ అక్కడ "వర్తించదు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది తనే. ఒక్క క్యాప్సూల్ని వదలని మనిషి, ఇంతమంది పిల్లల్ని లెక్కలోంచి వదిలేసింది.

ఆ మాట కొట్టేసి, నవ్వు మొహం నుంచి ఏడుపు మొహం దాకా అయిదు బొమ్మలు పాప ముందు పరిచింది. లిఫ్ట్? పాప వేలు ఏడుపు మొహం మీదికి పోయింది. బడిలో గంట? అదే మొహం. ఇంట్లో? వేలు చకచకా నవ్వు మొహం దగ్గరికి జరిగింది.

"ఇంట్లో ఎందుకు బాగుంది?"

పాప ట్యాబ్ అందుకుని మూడు బొమ్మలు నొక్కింది. "అమ్మమ్మ. అడగటం. తక్కువ."

డాక్టరుకి అర్థం కాలేదు. అమ్మమ్మకి అయింది. "ఇదివరకు పది నిమిషాలకోసారి భయమేస్తోందా తల్లీ అని అడిగేదాన్ని. అసలు మందే కదాని మానేశా" అంది మెల్లగా. "ఇప్పుడు ఏదో తెలీదంటున్నారుగా. మళ్ళీ అడగాలా?"

పాప తలెత్తకుండానే "వద్దు" నొక్కింది. ఎందుకైనా మంచిదని ఇంకోసారి నొక్కింది.

డాక్టరు నవ్వాపుకుంటూ, ఇకనుంచి పాప మాటే లెక్కలోకి తీసుకుని ట్రయల్లో కొనసాగించడానికి పైవాళ్ళని అనుమతి అడుగుతూ కాగితం రాసి సంతకం పెట్టాడు. "ఇందులో మందు వాటా ఎంతో, అమ్మమ్మ వాటా ఎంతో ఎలా తేల్చను?"

"అది మీ చదువు. పాప చెప్పాల్సింది చెప్పింది" అని లెక్కలక్క బీరువా తెరిచింది. "వర్తించదు" ఫైళ్ళు ముప్ఫై ఒకటి తేలాయి. అన్నీ మోసుకొచ్చి ఆయన బల్లమీద పెట్టింది.