పనసచెక్క బల్ల, అక్క కుడి చెయ్యి

పక్షవాతం వచ్చాక అక్కకు నడక తొందరగానే తిరిగి వచ్చింది. కుడి చెయ్యే రాలేదు. వేళ్లు కదిలేవి గానీ వాటికి ఏ స్పర్శా తెలిసేది కాదు. "ఎవురిదో చెయ్యి తెచ్చి నాకు తగిలించినట్టుండాది" అనేది. మదనపల్లెలో ఆమెను చూసే డాక్టరమ్మ రకరకాల వస్తువులు తాకిస్తూ ఉండమంది. రాగులు, దూది, తడిగుడ్డ... అన్నిటికీ అక్క ముఖం తిప్పుకునేది. ఒకరోజు మాత్రం, "రేయ్, ఒళ్లో పెట్టుకునే బల్ల ఒగటి చేసియ్యి. అనపకాయలన్నా ఒలిచి గింజలు తీస్తా" అంది.

అన్ని నెలల్లో ఆమె నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఆ బల్లను నా చేతులతోనే నునుపు చేయాలనిపించింది. మరుసారి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు మదనపల్లె బజారులో చెక్కను రుద్ది నునుపు చేసే చిన్న సాండర్ మిషను కొన్నాను. పక్కనే వేలాడుతున్న, దానికి అంటించే ఉప్పుకాగితం బిళ్ళల ప్యాకెట్లు కూడా తీసుకున్నాను, ఏమీ చూడకుండానే. వచ్చేదారిలో పుంగనూరులో దిగి, తెలిసిన వడ్రంగి దగ్గర పనసచెక్క పలక కోయించాము. పలమనేరు దాటాక అక్క దాన్ని ఒళ్లో పెట్టుకునే నిద్రపోయింది. కిటికీలోంచి వచ్చే ఎండలో ఆ చెక్క పసుపు ముద్దలా మెరుస్తూ మా ఊరు కుప్పం దాకా మాతో వచ్చింది.

మరునాడు వసారాలో మిషను పెట్టాను. బిళ్ళ వెనక ఉన్న నూగు మిషను అడుగున ఉన్న ప్యాడ్‌కు ఇట్టే అంటుకుంది. కానీ చెక్కపొడి మిషను వెనక ఉన్న సంచిలోకి పోకుండా నా ముఖం మీదికే లేచింది. పలక నిండా సుడులు సుడులుగా గీతలు పడ్డాయి. పుంగనూరుకు ఫోన్ చేశాను.

"ప్యాడ్‌కు ఎన్ని బొక్కలుండాయప్పా?" అన్నాడు వడ్రంగి.

"ఎనిమిది."

"పేపరుకో?"

లెక్కపెట్టాను. "ఐదు."

ఆయన నవ్వాడు. "పొడి యాడికి పోతాది మరి? బొక్కకు బొక్క సరిపోవల్ల. ముందు ఎనబై నంబరు, ఆమైన నూటిరవై, ఆకర్న రెండునూర్ల ఇరవై. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతాది, నడిమిది ఇడిసిపెట్టద్దు. మిషన్ను అదమద్దు, దాని బరువు సాలు."

ఎనిమిది బొక్కల బిళ్ళలు కుప్పంలోనే దొరికాయి. ఈసారి బిళ్ళను వెలుతురుకు ఎత్తి, బొక్కల్లోంచి ప్యాడ్ బొక్కలు కనబడేదాకా తిప్పి, అరచేత్తో గట్టిగా అదిమాను. మిషను మెల్లగా పలక మీద తేలింది. దాని గుయ్యిమనే పాటకు మధ్యాహ్నమంతా ఒక మత్తు కమ్మింది. నంబరు మారేకొద్దీ గీతలు ఒక్కొక్కటే మాయమై, లోపలి నారలు నీటి అడుగున కదిలే నాచులా పైకి తేలాయి. నేనెక్కడున్నానో కాసేపు మరిచిపోయాను. అక్క కుర్చీలో కళ్లు మూసుకుని ఉంది, కనురెప్పల మీద సన్నటి పసుపు పొడితో.

మిషను ఆపి పలకను తుడిచి ఆమె ఒళ్లో పెట్టాను. కళ్లు తెరవకుండానే చెయ్యి దాని మీద వేసింది. అటూ ఇటూ పోనిచ్చింది. ఒక మూల దగ్గర ఆగింది.

"ఈడ గరుగ్గా ఉండాది సూడు."

నేను వంగి తాకాను. నిజమే, ఆ మూలకు సన్న నంబరు తగల్లేదు. మళ్లీ మిషను అందుకోబోతూ ఆగిపోయాను. పలక మీద ఉన్నది ఆమె కుడి చెయ్యి.

"అక్కా... ఏ చేత్తో సూస్తాండావు?"

అక్క కళ్లు తెరిచి చేతిని చూసుకుంది. మళ్లీ ఆ మూలకే వేళ్లు జరిపింది. "తెలస్తాండాది రా," అంది, పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి.

ఆ వేళ్లకు పూర్తి స్పర్శ ఇప్పటికీ రాలేదు. కానీ చలికాలం మొదలయ్యాక అనపకాయలు వచ్చాయి. అక్క ఎండలో కూర్చుని, బల్ల మీద కుడి చేత్తో ఒక్కొక్కటే ఒలుస్తుంది. పొద్దంతా ఒలిచినా గుప్పెడు గింజలే. ఆ పూట మా ఇంట్లో పులుసు ఆ గుప్పెడుతోనే.