సెగ చూపిన డప్పు

నేనూ డప్పు కొట్టేవాళ్ల ఇంట్లోనే పుట్టానని సామేలుకు తెలుసా? తెలిసే ఆ రోజు నన్ను కాపాడాడా? యాభై ఏళ్లు దాటినా నాకు జవాబు దొరకలేదు.

అరవై ఏడులో సామేలు మా యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో వంట చేసేవాడు. పొద్దున్నే బౌద్ధనగర్ నుంచి తార్నాక మీదుగా నడిచి వచ్చేవాడు. హాస్టల్లో పావెల్ అని ఒక స్లోవాక్ విద్యార్థి ఉండేవాడు. వాళ్ల ఊళ్లో అతని రాక్ బ్యాండు గొడవలు పడి విడిపోయిందట. గిటారు మాత్రం వెంట తెచ్చుకున్నాడు. సామేలు ఖాళీ గంజి గిన్నె మీద దరువేస్తుంటే విని, ఇక అతన్ని వదల్లేదు.

"మీ తెల్లదొరకు కూడుకంటే దరువే ఎక్కువున్నది సారూ" అని నవ్వుతూనే సామేలు ఇంటి నుంచి డప్పు తెచ్చాడు.

పావెల్ గిటారు, నా పాట, సామేలు డప్పు. ఏడాది తిరిగేసరికి కాచిగూడ దాకా మా పేరు పాకింది. జనం వచ్చింది డప్పు కోసమే. నేను మాత్రం అటు చూడకుండా పాడేవాణ్ణి. హాస్టల్లో నన్ను నేను రైతుబిడ్డనని చెప్పుకున్నాను మరి.

మరుసటి ఏడు హాస్టల్ వార్షికోత్సవం నాడు పొద్దుటి నుంచీ ముసురు. తోలు చెమ్మగిల్లి డప్పు పలకడం లేదు. సెగ చూపాలి. సార్లు ఏమంటారోనని సామేలు జంకాడు. ఎవరూ చూడకుండా నేనే వేదిక వెనక పొడిగడ్డి పోగేసి అంటించాను. డప్పు ఖంగుమంది. అంతలో పొగ హాల్లోకి పోయింది. వార్డెన్ పరుగున వచ్చాడు.

"ఎవడు పెట్టిండు ఈ మంట? తెర అంటుకుంటే ఎవరు జవాబు చెప్పాలె?"

నేనే పెట్టానంటే, డప్పుకు సెగ చూపడం నీకెలా తెలుసని అడుగుతారు. నేను సామేలు వైపు చూశాను. అందరూ నా చూపు వెంటే చూశారు.

"నేనే పెట్టిన సార్" అన్నాడు సామేలు.

రేపు మధ్యాహ్నం వడ్డన చేసి, ఇక పనిలోకి రావద్దన్నాడు వార్డెన్. పావెల్‌కు తెలుగు రాదు; ఏమైందని అడిగితే, సామేలు అజాగ్రత్త అని చెప్పాను. అతను గిటారు పెట్టెలో పెట్టేశాడు. డప్పు లేకుండా వాయించనన్నాడు. బ్యాండు అక్కడితో సరి.

మర్నాడు పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడ్డాను. నా వంతు రాగానే పళ్లెం ముందుకు చాపాను. సామేలు అందరికీ పెట్టినట్టే నాకూ రెండు గరిటెల అన్నం పెట్టాడు. చివరివాడికి వడ్డించాక తువ్వాలతో చేతులు తుడుచుకుని, డప్పు చంకన పెట్టుకుని, వెనక తలుపు గుండా వెళ్లిపోయాడు.