మ్యాంటిల్ బూడిద

ప్రియులారా, మీ తప్పుకి ఇంకొకరు దెబ్బలు తింటుంటే ఎప్పుడైనా చూస్తూ ఊరుకున్నారా? నేను ఊరుకున్నాను.

నిన్న ఇర్వింగ్‌లో మా ఇంటి దగ్గరి కాలేజీ బేస్‌బాల్ గ్రౌండ్‌లో, రాత్రి ఆటల కోసం పెట్టిన కొత్త లైట్లు మొదటిసారి వెలిగాయి. ఆ తెల్లటి వెలుగుకి చిన్నప్పుడు మా ఇంట్లో జరిగిన ప్రార్థన కూటాల పెట్రోమాక్స్ దీపం గుర్తొచ్చింది. ఆ బుస్సుమనే చప్పుడు, కిరసనాయిలు వాసన మీకూ గుర్తుండే ఉంటాయి. అందులో వెలుగిచ్చే చిన్న వల సంచి, మ్యాంటిల్, ఒకసారి వెలిగాక దాన్ని వేలితో తాకితే చాలు, పొడైపోయేది. ఒక కూటం రోజున దాన్ని తాకింది నేను. నాన్న కొట్టింది అక్కని.

ఇవాళ అక్కకి ఫోన్ చేసి ఒప్పుకున్నాను.

"తెలుసురా. నీ వేలికి బూడిద అంటుకుని ఉంది కదా. నువ్వు వాక్యం చెప్పడానికి లేచినప్పుడల్లా, ఇవాళైనా చెప్తాడేమోనని చూసేదాన్ని," అంది.

అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి, ముందు వెళ్ళి నీ సహోదరునితో సమాధానపడమన్నాడు ప్రభువు. ఆదివారం దాకా ఆగకండి. ఇప్పుడే ఫోన్ చేయండి.