రెండోసారి అడిగే మేడం

మా మేడం పోయారని కర్నూలు నుంచి వాళ్ల అమ్మాయి ఫోన్ చేసినప్పుడు, నేను కడపలో మా కౌన్సెలింగ్ పత్రిక తొలి సంచికలో తప్పులు దిద్దుతున్నాను. అది ఆన్‌లైన్ పత్రిక, సంపాదకురాలు మేడమే. ఇంకో రెండు వారాల్లో ఆవిష్కరణ. "సరేనమ్మా" అని ఫోన్ పెట్టేసి ఇంకో పేజీ దిద్దాను. ఏం దిద్దానో ఇప్పటికీ తెలియదు.

ఆమె నాకు కౌన్సెలింగ్ చదువు చెప్పిన మేడం. క్లాసులో శెనక్కాయలు ఒలుచుకుంటూ మా మాటలు వినేవారు. ఎవరైనా తొందరపడి సలహా పారేస్తే, "అడిగినారా నిన్ను?" అని ఒక గింజ చేతిలో పెట్టేవారు. నోరు మూసుకోమని అర్థం. నేను తిన్నన్ని గింజలు మా బ్యాచ్‌లో ఇంకెవరూ తినలేదు.

పత్రిక ఆలోచన కూడా ఆమెదే. "మన జనాల బాధలు యాడాడనో ఉండేవాళ్లు రాస్తాండారు. మనం రాయకుంటే ఎట్లప్పా?" అన్నారు. ఒక్కటే నియమం పెట్టారు. ఎవరి కథ మీద వ్యాసం రాస్తే, అది ఇంగ్లీషులో ఉన్నా సరే, వాళ్లకు దాన్ని తెలుగులో చదివి వినిపించాలి. సరేనంటే, వారం ఆగి మళ్లీ అడగాలి. పేర్లు మారుస్తున్నాం కదా, ఈ రెండోసారి ఎందుకని వాదించాను.

"ఎదురుగా కూసోనుంటే కాదనలేక సరేనంటారు. ఇంటికి పోయినాక నిద్ర పట్టదు. బీరువాలో పెట్టి తాళమేసేదానికి ఇది పుస్తకం కాదప్పా. ఎవురి ఫోన్లో అయినా తెరుచుకుంటాది."

ఆ నియమం మొదట ఆమెకే తగిలింది. ఏళ్ల తరబడి తాను కూర్చుని విన్న ఒక మనిషి గురించి మేడం రాసిన వ్యాసం మా సంచికకే తలమానికం. మొదట సరేనన్న ఆ మనిషి రెండోసారి వద్దన్నారు. మేడం మారుమాట లేకుండా వ్యాసం వెనక్కి తీసుకున్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ మనిషి ఆడో మగో, ఏ ఊరో చెప్పను. ఈ మాత్రం రాయడానికి కూడా రెండుసార్లు అడిగాను.

మేడం పోయాక, ఆమె రాత లేకుండా ఆమె పత్రిక రావడమేమిటని అందరూ అన్నారు. అందరికన్నా గట్టిగా నేనే అన్నాను. ఆ మనిషి ఒప్పుకోలు కాగితంలో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, విషయం చెప్పి, వ్యాసం వేసుకోమంటారా అని అడిగాను. అవతల ఒకటే ఏడుపు.

"ఏసుకోండి సార్. ఆయమ్మే పాయ, ఇంగ నాకేం సిగ్గు?"

అప్పటికప్పుడు వ్యాసాన్ని సంచికలో అన్నిటికన్నా ముందు పెట్టేశాను. అయినా వారం ఆగాను. నిజం చెప్తున్నాను, ఆగడానికి మనసొప్పలేదు. మళ్లీ ఫోన్ చేశాను.

"ఆ పొద్దు ఏడుపులో అనేస్తి సార్. మా పిల్లోల్లు దినామూ ఫోన్లు సూస్తాంటారు. వద్దు సార్, తప్పనుకోవాకండి."

తప్పు నాదేనని చెప్పి వ్యాసం తీసేశాను. ఆ రోజు మేడం మీద బెంగ ఎంత పట్టుకుందంటే, అన్నం సయించలేదు.

ఆవిష్కరణకు హాలు నిండింది. అయ్యాక అందరూ టీలకు వెళ్లారు. నేను గోడవైపు తిరిగి ప్రొజెక్టర్ వైరు చుడుతుంటే, వెనక మేడం ఫోటో దగ్గర ఎవరో మెల్లగా "పోయొస్తా మేడం" అన్నారు. ఫోన్లో విన్న గొంతే. తిరిగి ఆ ముఖం చూడాలని ప్రాణం కొట్టుకుంది. చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయేదాకా గోడనే చూస్తూ, చుట్టిన వైరునే విప్పి మళ్లీ చుట్టాను.