మంగమ్మగారు అడిగిన పేజీలు

యాలకుల కాఫీ వాసన తగిలితే చాలు, నా నల్ల అట్ట నోటుపుస్తకం తెరవాలనిపిస్తుంది. అందులో మంగమ్మగారిపై నేను నమోదు చేసిన ఫిర్యాదులివి:

1995 మార్చి, మొదటి శుక్రవారం: కథ చెబుతుండగా నవ్వారు. కారణం చెప్పలేదు.
రెండవ శుక్రవారం: జర్మన్ దొరగారి హోదా వివరిస్తుంటే, ఆయన బట్టలు ఎవరు ఉతుకుతారని అడిగారు.
మూడవ శుక్రవారం: నేను కొన్ని పేజీలు మింగేశానని అందరి ఎదుట ఆరోపించారు.

మూడవది నిజం.

మంగమ్మగారిది అమలాపురం దగ్గర పల్లె. గల్ఫ్‌లో, గలాలీ అనే ఊళ్లో ఒక అరబ్బు ఇంట వంట చేసేవారు. భర్త సత్యం అక్కడే డ్రైవరు. నేను ఆ దగ్గరే హిద్‌లో ఓడల మరమ్మతు కంపెనీ గుమస్తాను. శుక్రవారం సెలవు కనుక వారి గదిలో ఎనిమిదిమందిమి చేరేవాళ్లం. ఒక పాత జర్మన్ నవలను ఇంగ్లీషులో చదివి, నేను తెలుగులో చెప్పేవాణ్ణి. చివర తప్పెవరిదో అందరి తీర్పూ రాసుకునేవాణ్ణి. కథ ఇది: ఆ దొర వయసు మళ్లిన అధికారి, అతనికి పడుచు భార్య. ఆమె మరొకరిని కోరుకుంటుంది. ఏళ్ల తరువాత పాత ఉత్తరాలు దొరకడంతో భర్త ఆమెను వెళ్లగొడతాడు.

ఆ మూడవ వారమే నా భార్య కాకినాడ నుంచి రాసింది: వీధి చివర బడిలో టీచరుగా చేరవచ్చునా అని. వద్దని జవాబు చిత్తుప్రతి సిద్ధం చేశాను. శనివారం టపాలో వేయాలి.

మూడవ శుక్రవారం మగవాళ్లందరూ భర్తదే న్యాయమన్నారు. కాఫీ పోస్తున్న మంగమ్మగారు ఆగారు.

“రావుగారూ, ఆ పిల్ల ఉన్నట్టుండి అలా ఎందుకెళ్తాదండి? మధ్యలో ఏవో మింగేశారు మీరు.”

ఆడవారి ముందు చెప్పదగినవి కావన్నాను.

“ఆడదాని గురించే గదండి. చదవండి, నేను వింటాను.”

ఏసీ గదిలో చెమటలు కక్కుతూ చదివాను. ఆ పెద్ద ఇంట్లో కుర్చీ ఎక్కడుండాలో కూడా భర్తే చెబుతాడు. నీకేం కావాలని ఆమెను ఎవరూ అడగరు. ఆమెకు దిగులుంది, ఆశ ఉంది, ఒంటికి కోరిక ఉంది. ఎవరూ నవ్వలేదు.

గల్ఫ్ అంతటినీ దుబాయే అనే కరీంనగర్ మేస్త్రీ మల్లయ్య గొంతు సవరించుకున్నాడు. “సార్, మనం గూడ గంతే గద. దుబాయిల కూసొని ఇంటికాడ ఏం జెయ్యాల్నో ఉత్తరంల రాస్తం.”

తన ఇంట తీర్పులన్నీ ఆవిడవేనని సత్యం అనడంతో గది ఘొల్లుమంది. నేను మళ్లీ ఓట్లు తీసుకోబోయాను.

“తీర్పు తరవాతండి,” అన్నారు మంగమ్మగారు. “ముందు ఆవిణ్ణి అడిగారా?”

ఆవిడ అడిగింది నవలలో భార్య గురించే. నాకు మాత్రం జేబులోని చిత్తుప్రతి బరువెక్కింది. గదికి వెళ్లి చించివేశాను. ఇంట్లో ఏ నిర్ణయానికైనా ముందు ఆ ప్రశ్న నేటికీ నన్ను ఆపుతుంది. ఉత్తరాలకు నాకు తెలిసిన ఒకే ఒక భాషలో, అంటే ఆఫీసు భాషలో, ఆ రోజు నా భార్యకు రాసిన ఉత్తరం నకలు ఇదిగో:

“ఉద్యోగ విషయమై ఇంకను పంపని నా అభిప్రాయమును ఉపసంహరించుకున్నాను. నీకేమి కావలెనో, ఎందుకు కావలెనో, తిరుగు టపాలో లిఖితపూర్వకముగా తెలియజేయవలసినదిగా కోరడమైనది.”