నా కొలతకు కుట్టిన చొక్కా

మా ఎదురింటివాళ్లు మేడ మీద గది వేస్తున్నారు. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని వాకిట్లో కుర్చీ వేసుకుంటే నాకు అదే సినిమా. చేయాల్సిన పనంతా చేసి కూర్చున్నదాన్ని, ఇంకొకరి పనికి వంకలు పెట్టే హక్కు నాకుందని నా నమ్మకం. మొన్న అక్కడి మేస్త్రీ ఇటుక పెడుతూ పెడుతూ ఆగి, తాపీ అంచుతో మణికట్టు గోక్కున్నాడు. ఇంకో ఇటుక పెట్టి, ఈసారి వేళ్ల సందుల్ని గోడ అంచుకేసి రాశాడు. నా చేతిలో టీ అట్లాగే ఉండిపోయింది. దోమ కుట్టిన గోకుడు వేరు, చెమటకాయల గోకుడు వేరు. ఈ గోకుడులో ముందు ముఖం హాయిగా విచ్చుకుంటుంది, ఆ వెంటనే మంటకు ముడుచుకుంటుంది. "ఏందయ్యా, ఎప్పటిసంది ఆ దురద?" అని కిందనుంచే కేకేశాను. "ఎండలకమ్మా, గట్లనే ఉంటది," అన్నాడు నవ్వుతూ. పక్కన తట్ట దించుతున్న అతని భార్య మాత్రం నవ్వలేదు.

మా ఆయన కూడా మొదటి ఏడాది నెపమంతా ఎండల మీదికే నెట్టాడు. ఆయన తాపీ మేస్త్రీ. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఏన్కూరు నుంచి వైరా దాకా ఎవరు ఇల్లు మొదలుపెట్టినా ముందు మా ఇంటికే కబురు వచ్చేది. నేను ఆయన దగ్గరే మాలు అందించేదాన్ని. మాలంటే సిమెంటూ ఇసుకా నీళ్లూ కలిపిన ముద్ద. నిజానికి నేను టీచరమ్మ కావలసినదాన్ని. పెనుబల్లి వైపు మిషన్ హాస్టల్లో పదో తరగతి దాకా చదివాను, లెక్కల దగ్గర బండి ఆగిపోయింది. పెళ్లయిన కొత్తలో నా మాటతీరు విని మా అత్తగారింట్లో పడీ పడీ నవ్వేవాళ్లు. "వచ్చాడు, పోయాడు అంటది చూడు, రేడియో పెట్టినట్టు," అనేది మా అత్తమ్మ. ఆ రేడియోనే మర్నాటి నుంచి తట్ట ఎత్తుకుంది. మా పనిలో ఆడవాళ్లందరికీ ఒకటే యూనిఫారం: చీర మీద మొగుడి పాత చొక్కా. భుజాలు మోచేతుల దాకా జారేవి, చేతులు నాలుగు మడతలు వేస్తేగానీ వేళ్లు బయటికి వచ్చేవి కావు. ఆయన చొక్కా చిరిగితే కొత్తది ఆయనకు, చిరిగింది నాకు. చొక్కా అంటేనే మగవాళ్ల కొలతకు ఉంటుందని అనుకునేదాన్ని కాబట్టి, అందులో అన్యాయం ఉందని కూడా నాకు తట్టలేదు.

ఆ రోజుల్లో మా ఆయన చేతుల్ని చూసి నేను మురిసేదాన్ని, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేముంది. గిలాబు, అంటే గోడకు సిమెంటు పూత, పూర్తయ్యాక బద్దతో, రసమట్టంతో అందరూ చూసే చూపు చూసి, ఆఖరికి కళ్లు మూసుకుని అరచేత్తో గోడంతా తడిమేవాడు. ఎక్కడో ఒక చోట చెయ్యి ఆగేది. అక్కడ మళ్లీ రుద్దితే తప్ప ఆయనకు అన్నం సహించేది కాదు. అట్లాంటి చేతులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత దురద పట్టుకుంది, ఆ తర్వాత ఎండిన చెరువు మట్టిలాగా నెర్రెలు బాశాయి. వేలు వంచితే నెర్రె విచ్చుకుని నెత్తురు. గోకకుండా ఉండలేడు, గోకితే బతకలేడు. గోనెసంచి మీద, మంచం పట్టె మీద, చివరికి నా దువ్వెనతో కూడా గోక్కున్నాడు. ఖమ్మం జిల్లాలో పుట్టి మిరపకాయ తొక్కు కలుపుకోలేని మనిషి కష్టం మీరే ఊహించుకోండి. చెంచాతో తింటుంటే తోటి మేస్త్రీలు "దొరగారు" అని ఏడిపించేవాళ్లు. ఇంట్లో మాత్రం నేనే కలిపి ముద్దలు పెట్టేదాన్ని. కొత్త పెళ్లికూతురిగా ఉన్నప్పుడు జరగని ముచ్చట, పిల్లలు బడికి పోయే వయసులో జరిగింది.

ఊళ్లోవాళ్లు దాన్ని గజ్జి అన్నారు. గుడికి పోతే, మేం చర్చినే గుడి అంటాం, ఆరాధన అయ్యాక "వందనాలు" అని చేతులు కలిపేవాళ్లు దూరం నుంచే తల ఊపడం మొదలుపెట్టారు. వేపాకు ముద్ద, పసుపు, కొబ్బరినూనె, ఆరెంపీ డాక్టరు ఇచ్చిన ట్యూబు, అన్నీ పూశాం. ట్యూబు ఉన్నన్ని రోజులు తగ్గేది, అయిపోగానే తిరిగి వచ్చేది. ఇట్లా ఉండగా అడవిలో ఒక గూడెం నుంచి మా ఆయనకు పిలుపొచ్చింది. అక్కడి పెద్దాయన మా ఆయనకు పాత స్నేహితుడు, ఇల్లు కట్టుకుంటున్నాడు. వాళ్లు మట్టిగోడలు వాళ్లే పెట్టుకుంటారు, ఊరంతా కలిసి. ద్వారబంధాలు నిటారుగా నిలబెట్టడానికి మాత్రం ఈయన్ని రమ్మన్నాడు. పోయినవాడు ఊరికే కూర్చోలేక, గోడలు పూర్తయ్యేదాకా వాళ్లతోపాటు మట్టి తొక్కి, ముద్దలు పేర్చి, అలికి మరీ వచ్చాడు. నేనూ వెంట ఉన్నాను. ఆ ఇంటి ముసలమ్మ రోజూ సాయంత్రం ఈయన చేతులకు ఇప్పనూనె రాసి, వాళ్ల భాషలో ఏదో అనేది, పక్కనున్న ఆడవాళ్లు నవ్వేవాళ్లు. అర్థం అడిగితే చెప్పలేదు. నెర్రెలు మూసుకున్నాయి, ఎరుపు పోయింది, తిరిగి వచ్చేనాటికి అరచేతులు పెళ్లినాటి చేతుల్లా ఉన్నాయి.

ఆ ఆదివారం మా ఆయన గుడిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. దేవుడు చేసిన మేలును పదిమందిలో చెప్పుకోవడం మా ఆనవాయితీ. "దేవుడు నాకు అడవిల ఇప్పనూనె చూపిచ్చిండు," అని రెండు చేతులూ ఎత్తి అందరికీ చూపించాడు. చప్పట్లు కొట్టారు. ఇంటికి పోతూ దారిలో దొరికిన ప్రతి మేస్త్రీకీ ఆ నూనె గురించే పాఠం. ఆ వారంలోనే, మా గుడికే వచ్చే బడి టీచరుగారి ఇంటి పని మొదలైంది. పునాది మీద గోడలు మోకాలెత్తు లేచాయో లేదో, దురద తిరిగొచ్చింది, పాత బాకీ వడ్డీతో వసూలు చేసుకోవడానికి వచ్చినట్టు. మామూలు మనిషైతే ఆ రోజే దవాఖానాకు పోయేవాడు. సాక్ష్యం చెప్పిన మనిషి ఎట్లా పోతాడు? మళ్లీ వచ్చిందంటే దేవుడు అబద్ధం ఆడినట్టవుతుందని భయం. చేతులు జేబుల్లో పెట్టుకుని గుడికి పోయాడు, గుడ్డపీలికలు చుట్టుకుని పని చేశాడు. చివరికి ఒకరోజు తాపీ పిడి మీద నెత్తురు జారి ఆయన చేతిలోంచి తాపీ కింద పడింది. అప్పుడు నేను ఊరుకోలేదు, ఆ గుడ్డపీలికలతోనే బస్సెక్కించాను.

ఖమ్మంలో చర్మాల డాక్టరమ్మ చేతులు తిప్పి తిప్పి చూసి, "మధ్యల ఎప్పుడన్నా పూర్తిగ తగ్గిందా?" అని అడిగింది. "తగ్గింది మేడం, ఇప్పనూనెకు," అన్నాడు ఈయన, ఇంకా పట్టు వదలకుండా. "అప్పుడేం పని చేస్తున్నవ్?" అని అడిగింది. నేనే చెప్పాను, మట్టి పని మేడం, సిమెంటు ముట్టలేదు అని. ఆమె కలం పక్కన పెట్టింది. "నూనె తోలును మెత్తగ చేసింది, మంచిదే. తగ్గింది మాత్రం సిమెంటుకు దూరమున్నందుకు. నీ ఒంటికి సిమెంటు పడ్తలేదు. అంటుకునేది కాదిది, నీ నుంచి ఎవరికీ రాదు. కానీ ఇంక సిమెంటు ముట్టొద్దు," అంది. మందు రాసి పైన నూలు గ్లౌజులు తొడుక్కోవాలి, సబ్బు తగ్గించాలి, తడి పని చేయకూడదు, వాజిలిన్ వదలకూడదు. ఈ చివరి మాటలు ఈయన వినలేదు. సిమెంటు దగ్గరే ఆగిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీవైపే చూస్తూ కూర్చున్నాడు. టీచరుగారి ఇల్లు సగంలో ఉంది. ఇంకో మేస్త్రీ వచ్చి చెయ్యి పెడితే ఆ ఇల్లు అతని పేరు మీదికి పోతుంది, ఆ తర్వాత మా గుమ్మం ఎవరూ తొక్కరు. మాకు పొలం లేదు, ఆయనకు ఇంకో విద్య రాదు. "చేతులు పోయినయ్ అనుకో," అన్నాడు వైరా దగ్గరపడ్డాక. "నావి ఉన్నయి గద. తాపీ నాకియ్యి," అన్నాను. "తట్ట మోసినంత ఈజీ కాదది," అన్నాడు. "తట్ట మోసుడు ఈజీ అని నీకెవరు చెప్పిండ్రు?" అన్నాను కొంచెం గట్టిగానే. ముందు సీట్లోవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. మర్నాడు పొద్దున ఆయన, ఎవరినీ ముట్టనివ్వని తన తాపీని కడిగించి, గ్లౌజుల చేతులతో నా ముందు పెట్టాడు.

మొదటి పాఠం మా దొడ్లోనే, స్నానాల గదికి గోడ. తన తాపీ ఇంకొకరి చేతిలో ఆడుతుంటే చూడలేక ఆయన వీపు తిప్పి కూర్చున్నాడు. ఇటుక పెట్టి తాపీ పిడితో తడితే ఆ చప్పుడు విని చెప్పేవాడు. "నిండింది." "బోలు, తీసి మళ్లా పెట్టు." నేను పెట్టాను, ఆయన విన్నాడు, గోడ తల ఎత్తు లేచింది. అప్పుడు ఇటు తిరిగి చూసి నోరు తెరిచాడు. ఒక్క ఇటుక కింద బోలు లేదు, గోడకు మాత్రం నిండు నెలల పొట్ట. చెవులు ఎంత గొప్పవైనా గోడ నిటారు చెప్పే గుండు దారం చూడ్డానికి కళ్లు కావాలి కదా. ఇద్దరం నవ్వీ నవ్వీ అక్కడే కూలబడ్డాం. చేతులు చెడిపోయాక ఆయన అంతగా నవ్వడం అదే మొదలు. రెండో గోడకు కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. ఆ మొదటి గోడను పడగొట్టనివ్వలేదు నేను, ఇప్పటికీ మా దొడ్లో పొట్టతోనే నిలబడి ఉంది.

టీచరుగారు మంచివాడే గానీ, తాపీ నా చేతిలో చూసి బిత్తరపోయాడు. వాళ్లమ్మ అయితే నా ముందే అంది. "మాలు మోసే ఆడది గోడ కడ్తదా? పడితే ఎవడు జవాబు?" గజ్జి అంటుకుంటుందని ఆమె అప్పటికే మా ఆయనకు నీళ్లు వేరే గ్లాసులో ఇచ్చేది. మా ఆయన ఒకటే మాటన్నాడు. "కిటికీల ఎత్తు దాకా సూడండ్రి సార్. వంకరుంటే నేనే పడగొట్టి పోత." అప్పటినుంచి కొత్త గోడలకు నీళ్లు పట్టే పని ఆ ముసలమ్మ తనే తీసుకుంది. ఆమె నీళ్లు పట్టేది గోడ మీద ప్రేమతో కాదు, పగుళ్లు వెతకడానికని మాకు తెలుసు. పొద్దునా సాయంత్రం గొట్టం పట్టుకుని నా గోడల్ని అంగుళం అంగుళం చూసేది. కిటికీల ఎత్తు వచ్చింది, స్లాబు ఎత్తు వచ్చింది, ఆమెకు వెతుక్కోవడానికి ఏమీ దొరకలేదు. మా ఆయన దూరంగా కుర్చీలో కూర్చుని దారం చూసేవాడు, ఇటుకలూ ఇసుకా బేరమాడి తెచ్చేవాడు. నేను ఇంటికొచ్చి తలస్నానం చేసి చీర మార్చుకున్నాకే ఆయన చేతులకు మందు రాసేదాన్ని. అంట్లు తోమమంటే మాత్రం "తడి పని వద్దన్నది గద డాక్టరమ్మ," అనేవాడు. డాక్టరమ్మ మాటల్లో అదొక్కటి ఆయనకు బాగా గుర్తుంది.

గృహప్రతిష్ఠ నాడు గుడివాళ్లంతా వచ్చారు. ప్రార్థన అయ్యాక ఇంటాయన మేస్త్రీకి బట్టలు పెట్టడం మా వైపు మర్యాద. టీచరుగారు పళ్లెంలో ప్యాంటు గుడ్డ, చొక్కా గుడ్డ, తువాలు పెట్టుకుని మా ఆయన దగ్గరికి వచ్చాడు. మేస్త్రీ భార్యనని నాకు పక్కన ఒక జాకెట్టు ముక్క. మా ఆయన తెల్ల గ్లౌజుల చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "తొందరపడి గుడిల ఒక సాక్ష్యం చెప్పిన. నా చేతులు బాగైనయ్ అన్న. కాలే. అప్పుడు దేవుని పని కాకముందే చెప్పిన, ఇయ్యాల అయినంక చెప్తున్న. ఈ ఇంటికి మేస్త్రీని నేను కాదు. ఆమె." అంటూ గడ్డంతో నన్ను చూపించాడు. టీచరుగారు పళ్లెం పట్టుకుని అటూ ఇటూ కాకుండా నిలబడిపోయాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది, అదే సమయంలో మేడెక్కి అరవాలనీ అనిపించింది.

అప్పుడు ముసలమ్మ కొడుకు చేతిలోని పళ్లెం లాక్కుంది. "మేస్త్రీకి పెట్టేది మేస్త్రీకే పెట్టాలె. అందుల మొగేంది, ఆడేంది?" అని చొక్కా గుడ్డా ప్యాంటు గుడ్డా నా చేతుల్లో పెట్టి, తువాలు నా భుజాన కప్పింది. మిగిలిన జాకెట్టు ముక్కను మా ఆయన చేతిలో పెట్టింది. "ఇది నాకా అమ్మా?" అని ఆయన దాన్ని గ్లౌజులతో ఎత్తి చూపించేసరికి పాస్టరుగారితో సహా అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వులో ముసలమ్మ మా ఆయనకు నీళ్లిచ్చింది. ఇంట్లోవాళ్లు తాగే స్టీలు గ్లాసే అది. ఆయన తాగి, ఒక్క చుక్క మిగల్చకుండా బోర్లించాడు.

ప్యాంటు గుడ్డ ఆయనకు వదిలేశాను. చొక్కా గుడ్డ తీసుకుని ఏన్కూరులో టైలరు దగ్గరికి పోతే, "సార్ కొలత చొక్కా ఏది?" అన్నాడు. "సార్‌కు కాదు, నాకు," అన్నాను. జాకెట్టా అని అడిగాడు. చొక్కానే, రెండు జేబులు పెట్టమని, ఒకదాంట్లో గుండు పడుతుందని చెప్పాను. భుజం దగ్గర టేపు పెట్టి కొలిచినప్పుడు నా భుజం ఎక్కడ ఆగుతుందో నాకే అప్పుడు తెలిసింది. చీర మీద ఆ చొక్కా తొడుక్కుని ఎన్ని ఇళ్లు కట్టానో! మా ఆయన చేతులు ఇప్పుడు చాలావరకు బాగానే ఉన్నాయి. చలికాలం కాస్త సతాయిస్తాయి, వాజిలిన్ డబ్బా మాత్రం ఆయన దిండు పక్క నుంచి కదలదు.

ఆ డబ్బాల్లో కొత్తదొకటి తీసుకుని నిన్న ఎదురింటి మెట్లెక్కాను. ఎండల వల్ల కాదని, సాక్ష్యాలూ నూనెలూ అన్నీ అయ్యాక చివరికి పోయేది చర్మాల డాక్టరు దగ్గరికేనని, కాబట్టి ముందే పొమ్మని ఆ మేస్త్రీకి చెప్పాను. అతను తల వంచుకుని విన్నాడు. తర్వాత అతని భార్యవైపు తిరిగాను. ఒంటిమీద మొగుడి చొక్కా, చేతులు నాలుగు మడతలు. "తాపీ పట్టుడొచ్చా?" అని అడిగాను. ఆమె మొగుడివైపు ఓసారి చూసి, "ఈయన చాయ్ తాగనీకె పోయినప్పుడు రెండు వరసలు పెట్టిన," అంది మెల్లగా. ఏవీ ఆ వరసలని గోడంతా వెతికాను, ఆమెవేవో మొగుడివేవో పోల్చుకోలేకపోయాను. నా కొలత చొక్కా నా ఒంటిమీదికి రావడానికి సగం జీవితం పట్టింది, ఈ పిల్లకు అంత కాలం పట్టనక్కర్లేదు.